పదకొండు రిమైండర్లు

మొఘల్‌పురాల మా ఇల్లు, ఆండాలు పెద్దమ్మ ఇల్లు ఒకే వాకిట్ల ఉండె. ఒక తీగ మీద ఆమె చీరలు ఆరేసేది, ఇంకో తీగ మీద మావి. ఆమె మాకు చుట్టం కాదు. మా అమ్మకంటె రెండేండ్లు పెద్దది గనుక నాకు పెద్దమ్మ అయ్యింది.

ఆమె చీరలకు ఫాల్ కుట్టేది. పత్తర్‌గట్టి దుకాణాల నుంచి మూటలు తెచ్చుకొని గడప మీద కూర్చొని పొద్దంతా కుట్టేది. దారం పండ్ల నడుమ పెట్టుకొనే మాట్లాడేది గనుక మాటలు నోటి ఒక పక్క నుంచే వచ్చేవి. దుకాణంల చీర విప్పి చూసి, "క్యా భాయ్, యే సాడీ హై కి పర్దా హై?" అంటే గద్దె మీది సేటు గూడ నవ్వేటోడు. నేను ఆమె వెనుక మూట పట్టుకొని నిలబడేదాన్ని. తొమ్మిదో తరగతిల అమ్మకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి నా చదువు ఆగిపోయింది. మగవాళ్ల ముందు నా గొంతు లేచేది కాదు. "దీని మాటలన్ని నేనే మాట్లాడుతున్న, కిరాయి ఇయ్యమనుండ్రి" అని పెద్దమ్మ అందరికి చెప్పేది.

ఆమె భర్త బాలనర్సింహ పెదనాయిన. యాకుత్‌పురా స్టేషను వెనుక బట్టలకు రంగులద్దే కార్ఖానాల బాయిలర్ దగ్గర పనిచేసేటోడు. ఇరవై రెండేండ్లు ఆ ఒక్క బాయిలర్‌నే చూసుకున్నడు. ఆయనకు జోడు ఇస్సాకు. ఇద్దరిది ఒకటే షిఫ్టు. ఇస్సాకు భార్య సుందరమ్మ మా పక్క గల్లీల ఉండేది. ఈ ఇద్దరాడోళ్లు మగవాళ్లకంటె ఎక్కువ దోస్తులు. క్రిస్మస్‌కు సుందరమ్మ కేకు పంపేది. ఆండాలు పెద్దమ్మ గుడ్డు ముట్టదు. కాని కేకు వద్దని ఒక్కసారి గూడ అనలేదు. తీసుకొని, కండ్లకద్దుకొని, మా ఇంట్ల ఇచ్చి, "ఏసు ప్రభువు పంపిండు, తినుండ్రి" అనేది. మర్నాడు సుందరమ్మ వచ్చి "ఎట్లున్నదే?" అంటే, "మస్తున్నది, శెక్కర జర తక్కువైంది" అని చెప్పేది. మేము ఏం చెబితే అది.

2004 ఆగస్టుల ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ఆ బాయిలర్ పేలింది. ఇద్దరూ పోయిన్రు.

బాయిలర్ మీద ఒక సేఫ్టీ వాల్వు ఉంటదట. లోపల ఆవిరి ఎక్కువైతే దానంతట అదే తెరుచుకొని బయటికి వదులుతదట. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఐదో నాటికి బస్తీల ఒక మాట పుట్టింది: పని తొందరగ కావాలని బాలనర్సింహ ఆ వాల్వును ఇనుప తీగతో కట్టేసిండట, ఆవిరి పోయే దారి లేక పేలిందట. ఎవరు అన్నరో ఎవరికి తెల్వదు. కార్ఖానా సేటు అన్నడని కొందరు, చూసినోళ్లున్నరని కొందరు.

పదకొండో నాడు సుందరమ్మ రాలేదు. పన్నెండో నాడు పెద్దమ్మే పక్క గల్లీకి పోయింది. నేను వెంట ఉన్న. సుందరమ్మ తలుపుకు అడ్డంగ నిలబడ్డది.

"నీ మొగడు తీగ కట్టిండు, నా మొగడు సచ్చిండు."

"నా మొగడు గూడ సచ్చిండే సుందరా."

"నీ మొగడు చేసుకున్నడు. నా మొగడు ఏం చేసిండు?"

తలుపు పడ్డది. పెద్దమ్మ ఆ తలుపు ముందట కొంచెం సేపు నిలబడి, నా భుజం పట్టుకొని వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చినంక ఒక్కటే మాట అన్నది. "పేలిన్నాడే ఆఫీసరొచ్చిండు గదా, అంత చూసిండు గదా. ఏం చూసిండో కాయితం మీద రాసి ఉంటడు గదా. ఆ కాయితం దాని చేతుల పెట్టాలె."

ఆమెకు ఇంకేం వద్దు. ఐదేండ్లు ఆ ఒక్క కాయితం వెంబడే తిరిగింది.

మా ఎదురింటి మేడ మీద శ్రీహరిరావు సారు ఉండేటోడు. తెనాలి దిక్కు మనిషి. కార్ఖానాలను తనిఖీ చేసే సర్కారు ఆఫీసుల సూపరింటెండెంటు. ఆ ఆఫీసు పేరు నేను రాయను. ఆయన భార్య కమలకుమారి అమ్మ పండుగ అని లేదు, పబ్బం అని లేదు, ఏదో ఒకటి గిన్నెల పెట్టి పంపేది. ఆ కార్ఖానా ఫైలు గూడ సారు ఆఫీసులనే ఉన్నదని తెలిసినప్పుడు మాకు దేవుడే ఎదురింట్ల కిరాయికి ఉన్నట్లు అనిపించింది. పెదనాయిన పోయిన వారానికి సారు మా వాకిట్లకొచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండ, పెద్దమ్మ ఇంట్ల చాప మీద కూర్చున్నడు.

"నేనున్నానమ్మా. మా ఆఫీసు సంగతి నాకు వదిలేయండి. కంగారు పడకండి."

ఆయన పోయినంక పెద్దమ్మ, ఆ దుఃఖంల గూడ, "ఆయన పడకండి అంటె నాకు మంచం మీదకెళ్లి పడొద్దని చెప్పినట్లున్నది" అన్నది. కాని ఆ రాత్రి మొదటిసారి అన్నం తిన్నది.

ఏడాది దాటినంక సమాచార హక్కు చట్టం వచ్చింది. సర్కారు దగ్గర ఉన్న కాయితం ఎవరైనా అడగొచ్చునని పేపర్ల వచ్చింది. నేను ఆ ముక్క కత్తిరించి రెండు రోజులు కొంగుల పెట్టుకొని తిరిగి, మూడో నాడు సారు మెట్ల మీద ఎదురైతే చేతికిచ్చిన. నోటితోని ఏం చెప్పలేదు.

"భలే, మన సుచరిత పేపరు చదువుతుందే!" అన్నడు సారు. ఆ శనివారమే మమ్మల్ని మేడ మీదకు పిలిచి దరఖాస్తు చెప్పి రాయించిండు. ఆయన కుర్చీల, నేను కింద చాప మీద అట్ట పెట్టుకొని. రాయడం అయినంక ఇంకో తెల్ల కాయితం తీయమన్నడు.

"దీనితోపాటు ఆ ప్రమాదం మీద ఒక ఫిర్యాదు కూడా పెట్టండమ్మా. ఉత్త దరఖాస్తు అయితే బీరువాలో పడుంటుంది. ఫిర్యాదు పడితేనే ఫైలు కదులుతుంది. జవాబు రాకపోతే రిమైండర్. మూడు నెలలకొకటి. వదలకూడదు."

ఇది మాకు కొత్త సంగతి కాదు. మా బస్తీల రేషను కార్డు కోసమైనా, కరెంటు మీటరు కోసమైనా అందరు చేసేది అదే. ఎవరి పని ఆగినా మొదటి ప్రశ్న "రిమైండర్ పడ్డదా?" అనే. రిమైండర్ పడని ఫైలు సచ్చిన ఫైలు అని పెద్దోళ్లు గూడ అనేటోళ్లు. అందుకే పెద్దమ్మ, "సారు చెప్పినట్లె రాయి బిడ్డా, ఇంకా జర గట్టిగ రాయి" అన్నది.

సంతకం గూడ అప్పుడే నేర్చుకున్నది. అంతకుముందు వేలిముద్రే. ఫాల్ కుట్టేటప్పుడు ముగ్గుసుద్దతో చీర మీద గుర్తు పెట్టుకున్నట్లు పలక మీద అక్షరాలు పెట్టింది. ఆండాలు అని రాస్తే చివరి 'లు' ఎప్పుడూ పెద్దగ అయ్యి కాయితం అంచుకు తగిలేది. "పోనీ, చివరి అక్షరమన్న వాళ్లకు కనబడతది" అనేది.

2006 ఫిబ్రవరిల మొదటి జవాబు వచ్చింది. "యజమానిపై కేసు కోర్టులో పెండింగులో ఉన్నందున, ఈ దశలో రికార్డులు ఇచ్చినచో విచారణకు ఆటంకం కలుగును. కావున ఇవ్వజాలము."

సారు మాకు నిదానంగ చెప్పిండు. "ఇది చట్టంలో ఉన్నదేనమ్మా. మీ మంచికే. ఇప్పుడే ఫైలు బయటపడితే ఆ యజమాని చూసుకుని సాక్షుల్ని తారుమారు చేస్తాడు. కేసు తేలనివ్వండి."

"నిజమే. వాడు చూస్తే మార్చుకుంటడు" అన్నది పెద్దమ్మ. నాకు గూడ నిజమే అనిపించింది. అప్పుడది నిజమే.

మూడు నెలలకొకటి రాసినం. సారు చెప్పేటోడు, నేను రాసేదాన్ని, పెద్దమ్మ కింద తన పేరు పెట్టేది. కమలకుమారి అమ్మ పెసరట్లు తెచ్చేది. పోస్టాఫీసుల రిజిస్టరు చేసి, తిరిగొచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డును పెదనాయిన ఫొటో కింద మేకుకు గుచ్చేది పెద్దమ్మ. ప్రతి జవాబు ఒక్క తీరే: విచారణ పెండింగు, ఇవ్వజాలము.

ఆ నడుమ ఒక వానాకాలం సుందరమ్మకు జ్వరం వచ్చింది. వారం రోజులు నల్లా దగ్గర కనబడలేదు. పెద్దమ్మ మిరియాల చారు చేసి నా చేతికిచ్చి, "నా పేరు చెప్పకు, మీ అమ్మ పంపిందని చెప్పు" అన్నది. నేను ఇచ్చొచ్చిన. సాయంత్రానికి గిన్నె మా గడప మీద ఉన్నది. మూత తీయనే లేదు. మా అమ్మ మంచం మీదకెళ్లి లేవదని సుందరమ్మకు తెల్వదా? పెద్దమ్మ ఆ చారు తనే అన్నంల పోసుకొని తిన్నది.

2007 నడుమ ఆరో జవాబు వచ్చింది. అందుల కోర్టు అన్న మాట లేదు. "తమరి ఫిర్యాదుపై విచారణ కొనసాగుతున్నందున" అని ఉన్నది. అంతకుముందు సేటు మీద కేసు, ఇప్పుడు మన ఫిర్యాదు. నేను ఆ లైను రెండుసార్లు చదివిన. సారు దిక్కు చూసిన. సారు అప్పటికే కొత్త రిమైండర్ చెప్పుడు మొదలుపెట్టిండు. నేను రాసుకుంట పోయిన.

ఆ తర్వాత ఇంకో ఏడాది.

2008 ఆగస్టుల పెద్ద వాన పడి మా వాకిలి నిండింది. పెద్దమ్మ ట్రంకు పెట్టెల నీళ్లు పోయినయి. వాన ఆగినంక జవాబులన్నీ తీసి వరుసగ నేల మీద ఆరబెట్టినం. పదకొండు రిమైండర్లు రాసినం, పదకొండు జవాబులు. సర్కారు జవాబుకు పైన 'సూచిక' అని ఉంటది. ఏయే కాయితాలను చూసి ఈ జవాబు ఇస్తున్నరో అక్కడ నంబర్లు వేసి రాస్తరు. మొదటి జవాబుల రెండే నంబర్లు ఉన్నయి: ప్రమాదం రిపోర్టు, కోర్టు కేసు. ఆఖరు జవాబుకు వచ్చేసరికి అర పేజీ సూచికే. ప్రమాదం రిపోర్టు ఒకటి. కోర్టు కేసు లేదు. మిగిలినవన్నీ మన తేదీలు, నా చేతితో రాసిన తేదీలు.

"పెద్దమ్మా" అన్న నేను. గొంతు పెద్దగనే వచ్చింది. "ఇంక వేరే విచారణ ఏం లేదు. మనం రాసిన ఫిర్యాదు మీద విచారణ అని చెప్తున్నరు. అది అయిపోయేలోపల మనం ఇంకోటి పంపుతున్నం. మళ్ల దాని మీద విచారణ. విచారణ ఉన్నన్ని దినాలు ఫైలు చూపియ్యరు."

ఆమె తడి కాయితాల మధ్య గొంతుకు కూర్చున్నది. "అంటె మన కాయితమే మనకు అడ్డమా?"

"అవును."

"కోర్టు కేసు ఏమయింది మరి?"

"ఏడాది నుంచి దాని పేరే లేదు."

ఆమె ఒక్కొక్క కాయితం తిరగేసి ఆరబెట్టింది. ఆఖరుకు, "ఈ సంగతి సారుకు తెల్వకుంటదా?" అన్నది.

"ముప్పై ఏండ్ల సర్వీసు పెద్దమ్మా."

అడుగుదాం నడువు అంటదనుకున్న. అనలేదు. "అడగొద్దు. నువ్వు రాయకు. ఏమంటడో చూద్దాం."

శనివారం మేము మేడ ఎక్కలేదు. ఆదివారం పొద్దున సారు బాల్కనీ నుంచి వంగిండు. "ఏమ్మా సుచరితా, ఈసారి రిమైండర్ వెయ్యలేదేం?"

నా బదులు పెద్దమ్మే చెప్పింది. "పిల్లకు చెయ్యి నొస్తున్నది సారూ. మీ మాటలు మస్తు పొడుగుంటయి గదా."

తర్వాతి వారం సారే కిందికి వచ్చిండు, చేతిల కాయితంతో. ఆయన దస్తూరితో రాసున్నది. "నేనే రాసి తెచ్చానమ్మా. మీరు సంతకం పెడితే చాలు, పోస్టు కూడా నేనే చేస్తాను."

పెద్దమ్మ ఆ కాయితం అందుకొని, తిప్పి చూసింది. "ఇయ్యాల అమాస సారూ. అమాస నాడు నేను పేరు పెట్ట."

"అలాగే. రేపు తీసుకుంటాను."

మర్నాడు, "పొద్దుగాల్నుంచి కుట్టి కుట్టి వేళ్లు వంగుత లేవు." ఆ మర్నాడు, "బియ్యం డబ్బా కింద పెట్టిన, ఎలుక కొట్టింది సారూ, ఏం జేయాలె?"

ఆ రోజు సారు మొఖం మారింది. "ఆండాలమ్మా, మీకర్థం కావడం లేదు. ఇప్పుడు రిమైండర్ పడకపోతే ఫైలు మూసేస్తారు!"

"మూస్తె మూయనియ్యుండ్రి సారూ."

ఆయన నా దిక్కు చూసిండు. అన్నేండ్లల ఆయన నన్ను నిజంగ చూసింది ఆ ఒక్కసారే. కమలకుమారి అమ్మ పంపే గిన్నెలు ఆ వారం నుంచే ఆగినయి.

2009 ఫిబ్రవరిల జవాబు వచ్చింది. "తమరి నుండి తదుపరి ఫిర్యాదు ఏదియు అందనందున విచారణ ముగించడమైనది." పెద్దమ్మ దాన్ని మూడుసార్లు చదివించుకున్నది. నేను ఎవరూ చెప్పకుండ రెండు లైన్ల దరఖాస్తు రాసిన: ఫైలు చూడాలె, కాపీలు కావాలె. మార్చిల ఫలానా తేదీన రమ్మన్నరు.

ఆ ఆఫీసుల సమాచారం ఇచ్చే కొలువుకు కొత్తగ ఒక మేడం వచ్చి ఉన్నది. మమ్మల్ని కూర్చోబెట్టి ఫైలు ముందట పెట్టింది. మొదటి పేజీ పేలిన్నాటిదే, సాయంత్రం ఐదు గంటలకు రాసింది. నేను చదివిన. "సేఫ్టీ వాల్వుకు తీగ గానీ, తాడు గానీ, కట్టిన గుర్తులు గానీ లేవు. వాల్వు లోపల తుప్పు పట్టి పూర్తిగా బిగుసుకుపోయి ఉన్నది."

"ఇంకోసారి" అన్నది పెద్దమ్మ.

చదివిన.

"తీగ గానీ అన్న కాడ నుంచి."

చదివిన. ఆమె కండ్లు తుడుచుకోలేదు. ఆ లైను మీద వేలు పెట్టి, ఆ వేలు తీయకుండ "ఇంక తిప్పు" అన్నది.

వేలు తీస్తేనే తిప్పడానికి వస్తదని నేను చెప్పవలసి వచ్చింది.

తర్వాతి పేజీలల కోర్టు కాయితం. కార్ఖానా సేటు తప్పు ఒప్పుకొని జుర్మానా కట్టిండు. 2006 నవంబరుల. అంటే మేము నాలుగో రిమైండర్ రాసేనాటికే ఆ కేసు అయిపోయింది. దాని వెనుక ఒక సర్టిఫికెట్, పేలడానికి మూడు నెలల ముందుది: "వాల్వు పరీక్షించబడినది. సరిగా పనిచేయుచున్నది." దాని మీద పెద్ద ఆఫీసరు ఒకాయన రాసిన నోటు: ఆ రోజు ఎవరూ కార్ఖానాకు పోలేదు, సర్టిఫికెట్ ఆఫీసులనే తయారైంది, తయారు చేసిన వారు శ్రీ శ్రీహరిరావు. వారిపై తీసుకోవలసిన చర్యను, ఆండాలు ఫిర్యాదులపై విచారణ ముగిసిన పిదప పరిశీలించవచ్చును.

నేను చదువుడు ఆపిన. పెద్దమ్మకు విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది.

"అయిపోయేదాకా రాయించిండు" అన్నది. "ఆయన నౌకరి అయిపోయేదాకా."

ఆ వెనుక నా కాయితాలు పదకొండు. ఎర్ర సిరాతో పేజీ నంబర్లు వేసి కుట్టి ఉన్నయి. ప్రతిదాని కింద అంచుకు తగిలిన పెద్ద 'లు'. "ఈ దస్తూరి ఎవరిదమ్మా? ముత్యాల్లా ఉంది" అన్నది మేడం. నేను తల వంచుకున్న.

మేడం తలుపు దిక్కు చూసి, గొంతు తగ్గించింది. "ఆయన వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నారు. మీరు ఇప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే..."

"ఇస్తె?"

"విచారణ మొదలవుతుంది."

"గప్పుడు నా కాపీలు?"

మేడం ఫైలు మీద చెయ్యి పెట్టింది. "కాపీల మీద ఆఫీసరు సంతకం పడాలి, వారం పడుతుంది. ఈలోపల ఫిర్యాదు పడితే ఫైలు విచారణకు వెళ్తుంది. అప్పుడు నేనేమీ చెప్పలేనమ్మా."

పెద్దమ్మ నవ్వింది. ఆఫీసుల నలుగురు తిరిగి చూసిన్రు. "మళ్ల ఫిర్యాదా? మళ్ల విచారణా? నాకు కాపీలియ్యుండ్రి మేడం. ఆయన పెన్షను ఆయన్ని తిననియ్యుండ్రి."

వరండాల సారు ఎదురైండు, టిఫిను డబ్బా చేతిల పట్టుకొని. పక్కకు తప్పుకునే జాగా లేదు.

"ఆండాలమ్మా... నేను మీకు అబద్ధమేమీ చెప్పలేదు. రిమైండర్ పెట్టమన్నాను, అంతే కదా."

"అవు సారూ. మీరు ఏం చెప్పలె" అన్నది పెద్దమ్మ. "ఆయన ఫొటో కింద చాప మీద కూసున్నరు. అంతే."

వారానికి కాపీలు వచ్చినయి. ఆమె తలకు పోసుకొని, ఇస్త్రీ చీర కట్టుకొని, ఆ మొదటి పేజీ పట్టుకొని పక్క గల్లీకి నడిచింది. మిగతా కాయితాలు నేను పట్టుకున్న. సుందరమ్మ ఈసారి తలుపుకు అడ్డం నిలబడలేదు. కాలు వాచి గోడకు ఆనుకొని కూర్చున్నది. జుట్టు సగం తెల్లబడ్డది.

పెద్దమ్మ కాయితం ఇచ్చింది. సుందరమ్మ కొంత చదువుకున్నది, బైబిలు చదువుతది. పెదవులు కదుపుకుంట చదివింది. మల్ల పై నుంచి చదివింది. అప్పుడు తల ఎత్తి, "సారు గిట్ల చెప్పలేదు గదా" అన్నది.

"ఏ సారు?"

"మీ ఎదురింటి సారే. పేలిన నాలుగో నాడు నేను పోయి అడిగిన. కాయితంల తీగ కట్టినట్లే ఉన్నది, కాని ఆండాలుకు చెప్పకమ్మా, పాపం, తట్టుకోలేదు అన్నడు." కాయితం కిందికి పెట్టింది. "నీ మీద దయతోనే చెబుతున్నడనుకున్న."

ఐదో నాడు బస్తీల పుట్టిన మాట ఎక్కడ నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. సుందరమ్మ ఎవరికో ఒకరికి చెప్పుకొని ఏడ్చి ఉంటది. అది ఆమె తప్పని నేను అనను.

"ఒక్కనాడన్న నన్ను అడగకపోతివి" అన్నది పెద్దమ్మ.

"సర్కారు మనిషి చెప్పిండు గదనే."

"నేనెవరి మనిషినే సుందరా?"

సుందరమ్మ చెయ్యి చాపి పెద్దమ్మ కొంగు పట్టుకున్నది. "కూసో ఆండాలూ. చాయ్ తాగిపో." పెద్దమ్మ ఆ కొంగు మెల్లగ విడిపించుకున్నది. కోపంగ కాదు, మేకుకు తగిలిన బట్టను తీసుకున్నట్లు. "కాయితం ఉంచుకో. నాకు ఇంకో కాపీ ఉన్నది" అని బయటికి వచ్చింది. ఇంకో కాపీ లేదు.

గల్లీ మలుపు కాడ నిలబడి ఆమె నన్ను అడిగింది.

"ఆ పదకొండు నువ్వే రాసినవు గదా. ఒక్కొక్క జవాబు నువ్వే చదివినవు. నీకు ఎన్నడు అనుమానం రాలేదా బిడ్డా?"

రాలేదని చెప్పొచ్చు. ఆమె నమ్మేది.

"వచ్చింది పెద్దమ్మా. ఆరో జవాబు నాడే వచ్చింది."

"మరి?"

"సారు ముందట ఎట్లడగాలె అనుకున్న. నేను తొమ్మిది గూడ చదవలే గదా, నాదే తప్పుంటదేమో అనుకున్న."

ఆమె నా మొఖం చూసింది. తిడతదేమో అనుకున్న. తిడితే బాగుండె. ఆమె నా చేతిలకెళ్లి మిగిలిన కాయితాలు తీసుకొని, చంకల పెట్టుకొని, నాకంటె ముందు నడిచింది.

సారు ఏప్రిల్ ఆఖరుకు రిటైరయిండు. కమలకుమారి అమ్మ వాకిట్లకొచ్చి పోయొస్తమని చెప్పింది. పెద్దమ్మ బొట్టు పెట్టించుకోలేని మనిషి గనుక, మా అమ్మ మంచం పక్కన నిలబడి "మంచిదమ్మా" అన్నది. సుందరమ్మ రెండుసార్లు మా గడప దాకా వచ్చింది. పెద్దమ్మ మాట్లాడింది, కూర్చోమన్నది, నీళ్లిచ్చింది. దారం పండ్ల నడుమ పెట్టుకొని పాత తీరు నవ్వించలేదు.

నాతో గూడ మాట్లాడుతది. మూట మోయడానికి పిలుస్తది, అమ్మకు ఎట్లున్నదని అడుగుతది. కాని కరెంటు బిల్లు వస్తే ఇప్పుడు నా దగ్గరికి తేదు. నాలుగు ఇండ్లు దాటి, కిరాణా దుకాణం కాడికి పోయి, అక్కడ ఎవరితోనన్న చదివించుకొని వస్తది. నేను గడప మీద కూర్చొని ఆమె పోవుడు చూస్త, వచ్చుడు చూస్త.